ఆ రేడియో ఎక్కడ పెట్టారు?

ప్రశ్న: నా వయసు 43. రాజమండ్రిలో టీచర్‌ని. పెళ్లికి ముందు వర్ణాల దాకా సంగీతం నేర్చుకున్నాను. పెళ్లిచూపుల్లో మా అమ్మే ‘పాట మానేసిందిలెండి’ అని చెప్పేసింది. దాంతో అది అక్కడే ఆగిపోయింది. మూడేళ్లుగా కథలు రాస్తున్నాను. తెల్లవారుజామున లేచి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అరగంట పాట వింటే తప్ప కలం కదలదు. ‘పాట మత్తులో రాసేది రచనేనా’ అంటారు మావారు. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. పొద్దున్నే ఆవిడ రేడియో గోల నా రాతకి అడ్డం వస్తోందని తీయించేశాను. పాట లేకుండా రాయడం అలవాటు చేసుకోవాలా? నా కథలు రెండు జతచేస్తున్నాను.

జవాబు: అక్కర్లేదమ్మా. హాయిగా వినండి, హాయిగా రాయండి. మీరు అడిగిన దానికి ఇంతకన్నా జవాబు లేదు.

మీవారి మాటకి కూడా బెంగపడకండి. మన భాషలో పదమంటే మాట, పదమంటే పాట కూడా. కథకీ ఎత్తుగడ అంటాం, కీర్తనకీ ఎత్తుగడే అంటాం. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పేవారు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను, అంటే నాలుగు పాదాల పద్యాలను, సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చింది కూడా ఆయనే. త్యాగరాజ కీర్తన పాడేటప్పుడు పల్లవిలో ఉన్న ఒక్క పంక్తినే తిప్పి తిప్పి పాడతారు కదా! మాటలు అవే, సంగతి, అంటే ఆ పంక్తిని పాడే తీరు, మారుతుంది. మొదటిసారి చెవిన పడని అర్థం నాలుగో సంగతిలో మనసుకు తగులుతుంది. మీరు ఒక వాక్యాన్ని కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేస్తున్నారంటే ఆ ఓపిక అక్కడినుంచి వచ్చిందే. పాటలోని మాటలు మీ వాక్యంలోకి జొరబడుతున్నాయనిపిస్తే వీణో వయొలినో పెట్టుకోండి. మీ నిద్ర మానుకుని మీరు రాసుకుంటున్నారు. దానికి ఇంట్లో ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇక నన్ను కదిలించిన విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అమ్మగారి మీద రాసినవి మూడే మూడు వాక్యాలు. అవి చదివాక మిగతా ఉత్తరం నాకు గుర్తు లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న మీకు పక్కగదిలో రేడియో ఎలా అడ్డమైందమ్మా?

మీ కథలు రెండూ చదివాను. బాగా రాస్తారు. బావి గిలక చప్పుడు రాసిన చోట రెండుసార్లు ఆగాను. కానీ రెండు కథల్లోనూ తల్లి గోడ మీద ఫోటోగానే ఉంది. బతికున్న తల్లిని, అదీ పక్కగదిలో ఉన్న తల్లిని, ఎందుకు దండ వేసి గోడకెక్కించారు?

అమ్మగారు పెళ్లిచూపుల్లో అన్న మాట తప్పే. దాన్ని నేను వెనకేసుకురాను. కూతురి గొంతు గురించి కూతుర్ని అడక్కుండా మాట ఇచ్చేశారు. ఆ కోపం మీకు ఉండాల్సిందే. ఉంటే ఎదురుగా కూర్చుని అడగాలి. ఇరవయ్యేళ్లు దాచుకుని, ‘రాతకి అడ్డం’ అని పేరు పెట్టి ఆవిడ రేడియో తీయించేయడం మాత్రం న్యాయం కాదు. ఆవిడ మీకు చేసిందే మీరు ఆవిడకి చేశారు.

అసలు మీ చెవి సంగీతం క్లాసులో తయారైందనుకుంటున్నారా? విజయవాడ రేడియో కేంద్రం 1948లో మొదలైంది. మా ఇళ్లలో ఆడవాళ్లకి పొద్దున్నే రేడియోలో వచ్చే భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజనితోనే తెల్లవారేది. దానికి ప్రాణం పోసిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు కూడా పాట తానే రాసి తానే వరస కట్టిన మనిషి. మా అమ్మ చరణం పూర్తయ్యేదాకా గరిటె కదిపేది కాదు. ఎన్నిసార్లు పోపు మాడిందో! నాన్న విసుక్కునేవారు. అమ్మ మాత్రం చెయ్యి అలాగే గాల్లో ఉంచి, పాట అయ్యాకే మా వైపు తిరిగేది. నేను రాసే నాలుగు ముక్కల్లో ఎక్కడ ఆగాలో నాకు తెలుసంటే ఆ గరిటె వల్లే. మీ అమ్మగారి రేడియో కూడా మీకు అంత చేసే ఉంటుంది.

వేళకి అన్నం, మందులు, నెలకోసారి డాక్టరు. అమ్మని చూసుకోవడమంటే ఇంతే అనుకునే రోజులివి. నేను ఒప్పుకోను. పెద్దావిడ చెవికి కూడా తిండి పెట్టాలి. నాన్నగారు పోయాక ఆవిడతో పొద్దున్నే మాట్లాడేది ఆ రేడియో ఒక్కటే కావచ్చు.

వచ్చే ఆదివారం రాయకండి. ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, ఆవిడ మంచం మీద కూర్చుని రేడియో వినండి. అయ్యాక అడగండి: ‘ఆ రోజు అలా ఎందుకన్నావమ్మా?’ ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. దబాయిస్తే దబాయించనివ్వండి. గుర్తు లేదంటే మాత్రం మీరే మొత్తం చెప్పండి. ఏ చీర కట్టుకున్నారో, ఏ పాట పాడదామనుకున్నారో అన్నీ చెప్పండి.

రేడియో తీయించేశానని రాశారు గానీ ఎక్కడ పెట్టారో రాయలేదు. అటక మీద ఉంటే దించి, కొత్త సెల్స్ వేసి చూడండి. ఎవరికైనా ఇచ్చేసి ఉంటే శనివారం బడి అవగానే కొత్తది కొనుక్కుని వెళ్లండి. ఫోన్‌లో కూడా వస్తుందని ఫోన్ చేతికివ్వకండి. ఆవిడకి చేత్తో తిప్పుకునే బటన్ ఉన్నదే కావాలి.