బోదె పక్క స్థలంలో ఇల్లు కట్టబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ప్లాను చూశాను. మూడు బెడ్‌రూములు, పూజగది, ముందు వరండా, అన్నీ బాగానే ఉన్నాయి. స్థలం చుట్టూ ఏముందో మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా లేదు. వెనకాల పంట బోదె, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలువ, ఉందనీ, పక్క కొబ్బరితోట మనకంటే మెరక అనీ హైదరాబాదులో కూర్చుని గీసినాయనకి ఎలా తెలుస్తుంది? పైగా "పర్మిషన్ అంటే ఏముంది పెదనాన్నా, ఊళ్ళో ఎవరు అడుగుతారు" అన్నావు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ముందు ఒక సంగతి తేల్చుకో. మన ఊరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉందా, లేదా? ఉంటే 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు నీకు వర్తిస్తాయి. లేకపోతే 2002 నాటి పంచాయతీ నిబంధనలు. వాటి ప్రకారం 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇల్లయితే పంచాయతీయే అనుమతి ఇస్తుంది. దాటితే టౌన్ ప్లానింగ్ వాళ్ళ ఆమోదం కావాలి. మనది ఏడు సెంట్లు, అంటే సుమారు 283 చదరపు మీటర్లు. గీతకి ఇవతలే ఉన్నాం. కానీ నువ్వు పక్కనున్న సెంటున్నర కూడా కొని కలుపుదామంటున్నావుగా, కలిపావో గీత దాటిపోయినట్టే. కొనొద్దని కాదు, లెక్క చూసుకుని కొను.

ఆ స్థలం అడంగల్లో, అంటే ఊరి భూమి రికార్డులో, ఇంకా తోటగానే ఉందేమో కూడా చూడు. వ్యవసాయ భూమిని ఇళ్ళస్థలంగా మార్చుకునే రూలు ఈ మధ్య మారుతూ వస్తోంది. డబ్బు కట్టే రోజున ఏది అమల్లో ఉందో సచివాలయంలో అడుగు, పక్కింటాయన నాలుగేళ్ళ కిందట ఎంత కట్టాడో అడక్కు.

ఇక బోదె. నాకు టెన్షన్ అంతా దీని గురించే. 2017 నిబంధనల్లో కాలువలకి, మురుగు డ్రైన్లకి ఎంత దూరంలో కట్టాలో రాసి ఉంది. పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ అయితే దాని హద్దు నుంచి తొమ్మిది మీటర్లు వదలాలి. పది మీటర్ల లోపుదైతే రెండు మీటర్లు. మన బోదె చిన్నదే కాబట్టి రెండు మీటర్లు చాలు అనుకుంటావు. అయితే ఎక్కడి నుంచి రెండు మీటర్లు? నీళ్ళు కనిపించే చోటు నుంచి కాదు అబ్బాయ్, రికార్డులో ఉన్న హద్దు నుంచి. ఇప్పుడు బోదె మూడడుగులే కనిపిస్తోంది. నా చిన్నప్పుడు అందులో గేదెలు దిగేవి. అటు ఒకళ్ళు, ఇటు ఒకళ్ళు గట్టు చెక్కి కొబ్బరి మొక్కలు వేసుకుంటూ వచ్చారు, అందులో మన తాతగారి చెయ్యి కూడా ఉంది. సర్వేయరు ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం, పట్టుకుని గొలుసు లాగితే మన వెనక కంచె బోదెలోనే తేలినా నాకు ఆశ్చర్యం లేదు. నీ ప్లానులో వంటిల్లు సరిగ్గా అక్కడికే వచ్చింది. ఊరు పంచాయతీ నిబంధనల కింద ఉన్నా సరే, ఈ రెండు మీటర్లూ వదిలే కట్టు. ఏటా కాలువలకి నీళ్ళు ఆపేసిన రోజుల్లో బోదె పూడిక తీయడానికి మనిషి దిగాలి, తీసిన మట్టి ఎక్కడో వేయాలి కదా.

నువ్వు మేస్త్రీకి ఒప్పజెప్పి వెళ్ళిపోతానంటున్నావు. అందుకే నా ఇంటి కథ చెప్పాలి. 1996 నవంబరు తుపానుకి పెంకుటిల్లు లేచిపోయింది. మరుసటి ఏడాది శ్లాబు ఇల్లు మొదలుపెట్టాను. అప్పటికి నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా పదేళ్ళు చేసి ఉన్నాను, అయినా నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. పెరట్లో బోరు వేశాం, నీళ్ళు కాస్త ఉప్పగా ఉండేవి. "కాంక్రీటుకి ఏం కాదండీ" అన్నాడు మేస్త్రి. ఆ నీళ్ళతోనే కలిపారు, ఆ నీళ్ళతోనే పద్నాలుగు రోజులు తడిపారు. ఊచలని అచ్చు చెక్క నుంచి ఎత్తి పట్టే కవర్ దిమ్మల బదులు కంకర ముక్కలు పెట్టారు. 2011లో ఒక మధ్యాహ్నం దక్షిణం వైపు సన్‌షేడ్ పెచ్చు ఊడి నా సైకిలు సీటు మీద పడింది. తల ఎత్తి చూస్తే ఎనిమిది మిల్లీమీటర్ల ఊచ తుప్పు పట్టి అట్టలు అట్టలుగా లేచి ఉంది. గోటితో గీకితే రాలింది.

ఐఎస్ 456 అని కాంక్రీటుకి ఒక కోడు ఉంది. ఇనుము వేసిన కాంక్రీటులో కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని అందులో ఉంది. సీసా నిండా బోరు నీళ్ళు పట్టి ల్యాబుకి పంపు. శ్లాబు ఖర్చు ముందు ఆ ఫీజు ఎంత? ఉప్పుగాలి నేరుగా తగిలే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచ మీద కప్పి ఉండే కాంక్రీటు మందం, ఉండాలంటుంది అదే కోడు. మేస్త్రి 20 పెడతాడు. నువ్వు డ్రాయింగులో రాయించి, శ్లాబు పోసే ముందు రోజు సాయంత్రం టేపు పెట్టి చూడు. ఇసుక ఏటి ఇసుకే కావాలి. సముద్రపు ఒడ్డున తవ్విన ఇసుక తక్కువకి వస్తుందని ఎవరైనా లారీ తెస్తే లోపలికి రానివ్వకు.

పునాది గురించి నేను చెప్పను. మన నల్లరేగడి ఎండకి నోరు తెరుస్తుంది, వానకి ఉబ్బుతుంది. మట్టి పరీక్ష చేయించి, పైల్ (లోతుగా దింపే కాంక్రీటు స్తంభం) వేయాలో మరేం వేయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో తెచ్చుకో. పక్కింటి వాళ్ళు ఐదడుగులు తవ్వి కట్టారని మనమూ అంతే తవ్వడం కుదరదు.

సెప్టిక్ ట్యాంకుకి సిద్ధాంతిగారు వాయవ్యం అన్నారు. మంచిదే, కానీ ఆ పక్కనే గోడ అవతల మీ అత్తయ్యగారి మంచినీళ్ళ బోరు ఉంది. ట్యాంకు నీళ్ళు ఇంకే గొయ్యికి, అదే సోక్ పిట్‌కి, తాగే నీళ్ళకి మధ్య 18 మీటర్లు ఉండాలంటుంది ప్రమాణం. పైగా మన దగ్గర శ్రావణంలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. ట్యాంకు నీళ్ళు ఇంకడానికి చోటేదీ? వాస్తు, రూలు, అత్తయ్యగారు, ముగ్గురికీ సరిపోయే మూల వెతకాలి. మొదటి ఇద్దరితో నువ్వు పడు, అత్తయ్యగారితో నేను మాట్లాడతాను.

అన్నట్టు, మీ మామగారు అంతర్వేది దగ్గర ఇస్తానన్న స్థలంలో ఇప్పుడే ఏమీ కట్టకండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కోస్తా నియంత్రణ నిబంధనలు ఉంటాయి, పోటు నీళ్ళు ఎక్కే పాయల పక్కన కూడా ఉంటాయి. అది వేరే తంతు.

చివరిగా ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడు ఇంటి అరుగు, అంటే లోపలి నేల మట్టం, చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలంటుంది. అంటే అడుగున్నర. అది దేశమంతటికీ రాసిన లెక్క, మన లంకల పక్కన కూర్చుని రాసింది కాదు. వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేస్తూ పోతే పదేళ్ళలో ఆ అడుగున్నర కూడా మిగలదు. పాత ఇంటి నడిమి గుంజ మీద 1986 ఆగస్టు వరద గుర్తు ఉంది, నాన్నగారు గొడ్డలితో గాటు పెట్టారు. ఆ గుంజ పీకించకు. వచ్చే నెల సర్వేయరు వచ్చే రోజు చెబితే నేను లెవెల్ ట్యూబు, అదే మట్టం చూసే నీళ్ళ గొట్టం, తీసుకుని వస్తాను. ఒక కొస గాటు దగ్గర నువ్వు పట్టుకో, రెండో కొస కొత్త స్థలంలో నేను పట్టుకుంటాను. నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ సుద్దతో గీత గీద్దాం. అరుగు ఆ గీతకి పైన మొదలవ్వాలి.

పెదనాన్న