సిన్సినాటీకా, మేనమామ ఉన్న డాలస్‌కా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేసింది. ఎంఎస్‌కు ఒహాయోలోని సిన్సినాటీ యూనివర్సిటీలోనూ, యూటీ డాలస్ (డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ)లోనూ సీటు వచ్చింది. మా బావమరిది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. సిన్సినాటీ చిన్న ఊరనీ, మనవాళ్లు ఉండరనీ అంటున్నారు. ఒంటరిగా పంపొచ్చా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు మేనమామ సంగతే చూద్దాం. యూటీ డాలస్ క్యాంపస్ రిచర్డ్‌సన్‌లో ఉంది. ఆ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ సంస్థలో ఫ్రిస్కో సభ్య నగరం కాదు. అంటే అమ్మాయి కారు కొనేదాకా రోజూ మామయ్యో, అత్తయ్యో దింపిరావాలి. పది రోజులు ఎవరైనా సంతోషంగా చేస్తారు. ఆ తర్వాత క్యాంపస్ పక్కనే గది చూసుకోక తప్పదు. అప్పుడు ఆయన శని, ఆదివారాల చుట్టమే.

సిన్సినాటీ నగర హద్దుల్లో జనం 3 లక్షల పైచిలుకే గానీ, చుట్టుపక్కల కౌంటీలు కలిపితే 22 లక్షలు దాటుతారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, క్రోగర్, ఫిఫ్త్ థర్డ్ బ్యాంక్‌ల ప్రధాన కార్యాలయాలు అక్కడే. మేసన్, వెస్ట్ చెస్టర్ వైపు మన కుటుంబాలూ బాగానే ఉన్నాయి. కాకపోతే అవి క్యాంపస్‌కు దూరం.

కారు లేని మొదటి ఏడాదే అసలు పరీక్ష. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న క్లిఫ్టన్ ప్రాంతంలో గది దొరికితే క్లాసుకు నడిచే వెళ్లొచ్చు. డౌన్‌టౌన్‌కు మెట్రో బస్సులున్నాయి. 2020లో అక్కడి ఓటర్లు అమ్మకం పన్ను పెంపునకు ఒప్పుకున్నాక కొన్ని రూట్లలో బస్సులు 24 గంటలూ తిరుగుతున్నాయి. అద్దె తక్కువని దూరంగా దిగిన పిల్లలకు మాత్రం కందిపప్పు కొనడానికి కూడా ఎవరి కారో చూసుకోవాల్సిందే. డౌన్‌టౌన్‌లో టికెట్ అక్కర్లేని స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఉందని విని మురిసిపోకండి, అది యూనివర్సిటీ దాకా రాదు. షికాగో వెళ్లే రైలు వారానికి మూడు రోజులే, అదీ అర్ధరాత్రి దాటాక. విమానాశ్రయమైతే నది అవతల, కెంటకీ రాష్ట్రంలో!

అద్దె న్యూయార్క్‌లోలా హడలగొట్టదు. అయితే లీజు సాధారణంగా ఏడాదికి రాయించుకుంటారు. అందరూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, మధ్యలో ఒకరు వెళ్లిపోయినా వాళ్ల వాటా మిగతావాళ్ల నెత్తినే పడుతుంది. చలికాలం హీటింగ్ బిల్లు అద్దెలో కలిసిందో లేదో ముందే అడగాలి.

ఒంటరితనం ఉండదని చెప్పను. డిసెంబరులో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. అమ్మాయి గదికి చేరి ఇల్లు గుర్తొచ్చే వేళకు ఖమ్మంలో తెల్లవారుజామున నాలుగు. ఫోన్ ఎప్పుడు చేసుకోవాలో ఇప్పుడే మాట్లాడుకోండి.

చదువు సంగతికొస్తే, చదువు మధ్యలో కంపెనీలో పనిచేయించే కో-ఆప్ పద్ధతి 1906లో మొదలైంది ఈ యూనివర్సిటీలోనే. అలాగని ఎంఎస్ వాళ్లందరికీ అది దానంతటదే రాదు, డిపార్ట్‌మెంట్‌కు రాసి కనుక్కోవాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద కో-ఆప్ చేయాలంటే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి కావాలి. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి పోతుంది. సీఎస్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సుకు 12 నెలల ఓపీటీ, ఆపై 24 నెలల పొడిగింపు ఉంటాయి కాబట్టి ఇక్కడ లెక్క తప్పకూడదు. విమాన ఇంజిన్లు తయారుచేసే జీఈ ఏరోస్పేస్ కూడా ఆ ఊళ్లోదే గానీ, రక్షణ రంగంతో ముడిపడిన చాలా ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వమో, గ్రీన్‌కార్డో అడుగుతారు. ఆ పేరు చూసి ఆశపడొద్దు.

కో-ఆప్ గ్యారంటీగా లేకపోయినా, క్యాంపస్‌కు నడిచే దూరంలో గది కుదిరేటట్టయితే నా ఓటు సిన్సినాటీకే. ఆ గది దొరక్కపోతే డాలస్ నయం, కనీసం అవసరానికి మనిషైనా ఉంటాడు. డిపాజిట్ కట్టకముందే రెండు కోర్సుల సబ్జెక్టుల జాబితా, ఫీజుల పట్టిక అమ్మాయినే పంపమనండి. మాట్లాడాల్సింది ఆమెతోనే.