మ్యాచ్ ఉన్న రోజు మా ఆవిడ మాకు లేనట్టే

ప్రశ్న: మేము మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నెట్‌లో ఉంటాం. నాది ఐటీ ఉద్యోగం, చాలావరకు ఇంటినుంచే. మా ఆవిడ నర్సు. 2016లో తను పనిచేసే హాస్పిటల్లో అందరూ వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే ఫుటీ (ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్) టీమ్ గురించే మాట్లాడుకుంటుంటే తనూ చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మెంబర్‌షిప్, రిజర్వుడు సీటు, స్కార్ఫ్, అన్నీ ఉన్నాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా మ్యాచ్ ఉన్న రోజు తను మాకు లేనట్టే. టీమ్ ఓడితే రెండు రోజులు ముభావంగా ఉంటుంది. ఎనిమిదేళ్ల పాప కూడా తనతోపాటు ఏడుస్తోంది. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం పెట్టుకున్నాం. పొద్దున పూజ చేసింది, సాయంత్రం పేరంటాళ్లు వచ్చే వేళకి స్కార్ఫ్ వేసుకుని మ్యాచ్‌కి వెళ్లిపోయింది. అమ్మ చాలా బాధపడింది. ఆ తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర "మా ఆవిడకి నాకంటే ఆ కుక్కల టీమే ఎక్కువ" అని సరదాగా అన్నాను. లేచి వెళ్లి కార్లో కూర్చుంది. నేనూ సన్‌రైజర్స్ అభిమానినే, కానీ ఇలా కాదు. ఒకసారి తనతో మ్యాచ్‌కి వెళ్లాను. చుట్టుపక్కల సీట్లవాళ్లంతా తనని పేరు పెట్టి పలకరించారు. నేనెవరో ఎవరికీ తెలియదు. అప్పులు, తాగుడు లాంటివేం లేవు. తనని ఇందులోంచి ఎలా బయటికి తేవాలి?
ఎస్., టార్నెట్

జవాబు: బయటికి తెచ్చే ఉపాయం నా దగ్గర లేదండీ. ఉన్నా చెప్పను. ఆవిడ ఉద్యోగం చేస్తోంది, పూజ చేస్తోంది, పాపని చూసుకుంటోంది. షిఫ్టుల్లో నలిగే మనిషి వారానికి ఒక పూట తనకిష్టమైన చోట కూర్చుని గొంతు చించుకుని అరుస్తోంది. ఇందులో మాన్పించాల్సిన జబ్బేదీ నాకు కనిపించలేదు. అలాగని మీ ఇంట్లో ఇబ్బందే లేదని అనను. ఉంది, కాకపోతే మీరు వేలు పెట్టి చూపించిన చోట కాదు.

మీరంత పెద్ద ఉత్తరం రాస్తే, నేను మాత్రం "నేనెవరో ఎవరికీ తెలియదు" అన్న దగ్గర ఆగిపోయాను. రిజర్వుడు సీట్ల సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి అవే మొహాలు. ముందు వరసలో పెద్దాయనకి మోకాలి ఆపరేషన్ ఎప్పుడో, వెనక కూర్చునే పిల్ల పరీక్షలు ఎలా రాసిందో మీ ఆవిడకి తెలిసే ఉంటుంది. మీరేమో పొద్దస్తమానం ఇంట్లో లాప్‌టాప్ ముందు ఉంటారు. శనివారాలు తిరిగేది మళ్లీ మనవాళ్ల ఇళ్లకే. ఊరుకాని ఊళ్లో ఆవిడకి నలుగురు మనుషులు దొరికారు, మీకింకా దొరకలేదు. ఆ లోటు మనసులో పెట్టుకుని బాధపడితే తప్పేం లేదు. కానీ దానికి అమ్మగారి బాధని కూడా జతచేసి, పదిమంది ముందు జోకులా విసిరారు. దెబ్బ అక్కడ తగిలింది.

ఆ జోకు సంగతే ముందు తేల్చాలి. "ఇంతోటి మాటకి అంత కోపమా" అనుకుంటున్నారు కదా? ఆ టీమ్ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెబుతాను, వినండి.

దాని అసలు పేరు ఫుట్‌స్క్రే, మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక పేట పేరు. 1925లో విక్టోరియా లీగ్‌లోకి వచ్చింది. 1954లో ఒకే ఒక్కసారి ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు, గెలిచింది, ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఏమీ లేదు. ఫ్యాక్టరీ పనివాళ్లు, వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. 1989లో డబ్బు లేక, ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో క్లబ్బుతో కలిపేస్తున్నామని పైవాళ్లు ప్రకటించారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అని ఒక మహిళా అభిమాని విక్టోరియా సుప్రీంకోర్టుకెక్కి కొంత గడువు సంపాదించింది. ఆ గడువులో పేటవాళ్లు డబ్బాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి చందాలు పోగేశారు. క్లబ్బు బతికింది. ఇక 2016లో ఏడో స్థానంతో ఫైనల్స్‌లోకి, అంటే కప్పు కోసం సీజన్ చివర్లో ఆడే మ్యాచ్‌లలోకి, వచ్చారు. ఏడో స్థానం నుంచి కప్పు కొట్టినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. వీళ్లు కొట్టారు, గ్రాండ్ ఫైనల్లో సిడ్నీని 89-67తో ఓడించి, 62 ఏళ్ల తర్వాత.

ఆ రోజు మైదానంలో జరిగిన ఒక సంగతి మీ ఆవిడని అడగండి, మీకంటే నాకంటే బాగా చెబుతుంది. కెప్టెన్ బాబ్ మర్ఫీకి సీజన్ మొదట్లోనే మోకాలు పోయింది. ఏళ్ల తరబడి ఆ టీమ్‌ని మోసినవాడు, తీరా కప్పు వచ్చే రోజున ఆడలేక పక్కన నిలబడ్డాడు. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్‌కి స్టేజీ మీద మెడల్ ఇచ్చారు. ఆయన మైకు ముందుకొచ్చి మర్ఫీని పిలిచి, ఆ మెడల్ తీసి అతని మెడలో వేశాడు. ఆ సమయంలో అక్కడివాళ్లలో ఏడవనివాళ్లు తక్కువ. మీ ఆవిడ ఈ టీమ్‌లోకి అడుగుపెట్టింది సరిగ్గా ఆ ఏడాదే. కొత్తగా వచ్చిన దేశంలో, తను పనిచేసే వార్డులో పేషెంట్లూ ఆయాలూ డాక్టర్లూ అందరూ కలిసి ఆనందపడిన రోజు అది. ఆవిడకి ఆ టీమ్ అంటే ఆ మనుషులు. మీరు నవ్వింది వాళ్లని.

ఇప్పుడు సన్‌రైజర్స్ దగ్గరికి వద్దాం. "కానీ ఇలా కాదు" అన్నారు. చిత్రం చూడండి, మీ వాళ్లు ఐపీఎల్ కప్పు గెలిచిందీ 2016లోనే. ఆ తర్వాత మళ్లీ లేదు, ఆవిడ టీమ్‌కీ లేదు. మన సాయంత్రం మ్యాచ్ మెల్‌బోర్న్‌లో మొదలయ్యేసరికి అర్ధరాత్రి. అది చూసి తెల్లారుజామున పడుకుని, మర్నాడు పదకొండింటికి లేచిన రోజులు మీకు ఉండవా? 2024 ఫైనల్లో 113కే ఆలౌట్ అయినప్పుడు మీకక్కడ సోమవారం తెల్లారుజాము. ఆ సోమవారం మీ మొహం ఎలా ఉందో మీ ఆవిడని అడగండి. అమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడు మీరు అలా మేలుకుని చూస్తే ఆవిడ ఏమనేవారు? "పిల్లాడు నిద్ర పాడుచేసుకుంటున్నాడు" అని పొద్దున కాఫీ కలిపి ఇచ్చేవారు. కోడలు వెళితే మాత్రం పేరంటంలో చర్చ. నేను అమ్మగారిని తప్పుపట్టడం లేదు, మా తరం అంతా అలాగే పెరిగాం. కానీ ఆ తేడా మీకు కనపడకపోవడం మాత్రం తప్పే. ఈ ఆట చూసే జనంలో ఆడవాళ్లకి మొదటినుంచీ పెద్ద వాటా ఉంది. మనవళ్ల కోసం స్కార్ఫులు అల్లుకుంటూ కూర్చునే మామ్మలు అక్కడ మామూలే. ఒకసారి అమ్మగారికి చూపించండి.

మీ ఆవిడ తప్పు లేదా అంటే, ఉంది. వ్రతం రోజు సంగతి నేను ఆవిడ వైపు నుంచి ఆలోచించినా మింగుడుపడలేదు. పొద్దున కలశం పెట్టి, తోరం కట్టుకుని, శనగలు నానబెట్టి, బూరెలు వండిన మనిషే. పని తప్పించుకోలేదు. కానీ పిలిచిన పేరంటాళ్లు గడపలోకి వచ్చి, కాళ్లకి పసుపు రాసే వేళకి ఇంటి కోడలు రైల్లో ఉంది. అత్తగారు ఒక్కరే, ముక్కూమొహం తెలియని ఆడవాళ్లకి వాయనాలు అందిస్తూ "మా కోడలికి పనుంది" అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ చిన్నతనం ఊరికే పోదు. పంచాంగంలో వ్రతం తేదీ ఏడాది ముందే ఉంటుంది కదా అని మీరంటారు. నిజమే, కానీ ఫుటీలో సీజన్ చివరి మ్యాచ్‌ల రోజూ వేళా విడతలుగా ప్రకటిస్తారు, మొదట్లోనే తెలియదు. అయినా కొన్ని వారాల ముందైనా తెలుస్తుంది. తెలిసిన రోజే ఆవిడ నోరు విప్పి ఉంటే పేరంటం పొద్దున్నే పెట్టుకునేవారు, లేదా పిలుపులు తగ్గించుకునేవారు. ఎందుకు విప్పలేదు? చెబితే వద్దంటారని. అది మీ ఇద్దరి మధ్య పేరుకున్న భయం. దాన్ని పోగొట్టే బాధ్యత సగం మీది.

రెండోది, ఓడిపోయాక ముభావం. ఆ రాత్రికి ఆవిడని వదిలెయ్యండి. "ఆటే కదా" అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనకండి. 2021లో పెర్త్‌లో జరిగిన గ్రాండ్ ఫైనల్లో ఆవిడ టీమ్ మూడో క్వార్టర్లో 19 పాయింట్ల ఆధిక్యంలో ఉండి, చివరికి 74 పాయింట్ల తేడాతో ఓడింది. మెల్‌బోర్న్ మొత్తం లాక్‌డౌన్‌లో ఉంది, వెళ్లి ఎవరి దగ్గరా ఏడవడానికి కూడా లేదు. అలాంటిది ఒక రాత్రితో పోదు, ఒప్పుకుంటాను. కానీ వారం వారం ఓటమికి రెండేసి రోజుల మౌనం అంటే ఇంట్లో మిగతావాళ్లకి శిక్ష. ఈ మాట మీరు ఆవిడకి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. పాప పేరు పెట్టి చెప్పండి: "నువ్వు మాట్లాడకపోతే అది తనమీద కోపమనుకుంటోంది." పాప ఏడుపు గురించి మరీ టెన్షన్ పడకండి. ఓడిన టీమ్ కోసం ఏడ్చే పిల్లలు చెడిపోరు. ఏడ్చాక అమ్మ తిరిగి మామూలైపోవడం కళ్లారా చూస్తే చాలు.

లెక్క కూడా ఒకసారి చూసుకోండి, కోపంలో అంతా పెద్దగా కనిపిస్తుంది. సీజన్లో ఒక టీమ్‌కి 23 మ్యాచ్‌లు. అందులో పెర్త్, అడిలైడ్, బ్రిస్బేన్ వైపు జరిగేవి ఆవిడ ఇంట్లో టీవీలోనే చూస్తుంది. స్టేడియానికి వెళ్లేవి పదిహేనో, కాస్త అటూ ఇటో. మ్యాచ్ రెండున్నర గంటలు, రానుపోను ప్రయాణం వేసుకుంటే ఒక పూట. ఏడాదిలో పదిహేను పూటలు. మరి "మాకు లేనట్టే" అని ఎందుకు అనిపిస్తోంది? మిగతా పూటల్లో కూడా మీ ఇద్దరికీ మాటలు లేవు గనక. డ్యూటీలు, పాప స్కూలు, అమ్మగారి మందులు, ఈఎంఐ తప్ప మీరిద్దరూ కూర్చుని ఈ మధ్య ఏం మాట్లాడుకున్నారో గుర్తుచేసుకోండి.

సరే, ఏం చేయాలి? ముందు ఆ జోకుకి క్షమాపణ. గదిలో గుసగుసగా కాదు, అన్నది నలుగురిలో కదా, ఆ స్నేహితుడి ఇంట్లోనే, మళ్లీ భోజనానికి వెళ్లినప్పుడు, "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అని ఒక్క ముక్క. దానికి "కానీ" తగిలించకండి. తగిలిస్తే అసలు చెప్పకపోవడమే మేలు.

తర్వాత ఒకసారి మ్యాచ్‌కి వెళ్లండి, ఈసారి తనిఖీకి వెళ్లినట్టు కాకుండా. టార్నెట్‌లో రైలెక్కితే ఫుట్‌స్క్రే మీదుగా సదరన్ క్రాస్, దిగితే పక్కనే మార్వెల్ స్టేడియం, కారు బాధ కూడా లేదు. మొదటిసారికి కాలింగ్‌వుడ్ అని బోలెడంతమంది అభిమానులున్న టీమ్‌తో మ్యాచ్ మాత్రం ఎంచుకోకండి, ఆ గోలలో మీ ఆవిడ మీతో ఒక్క మాట కూడా మాట్లాడదు. మధ్యనున్న రెండు పెద్ద స్తంభాల నడుమ తన్నితే 6 పాయింట్లు, వాటి పక్కన చిన్న స్తంభాల వైపు పోతే 1. మొదటి క్వార్టర్‌కి ఈ మాత్రం తెలిస్తే చాలు. మిగతాది పాపని అడగండి. నాన్నకి తెలియనిది తను చెప్పడమంటే దానికి పండగ. పక్క సీటువాళ్లు పలకరిస్తారా లేదా అని చూస్తూ కూర్చోకండి, మీరే పేరు చెప్పి చెయ్యి చాపండి. ఆవిడ సొంతమైన చోటుకి మీరు అతిథి. ఇష్టం లేకపోతే మళ్లీ వెళ్లకండి, ఏటా ఒకసారి చాలు. ఆవిడకి నచ్చినది మీకూ నచ్చి తీరాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

షెడ్యూలు విడుదలైన ప్రతిసారీ ఇద్దరూ కాలెండర్ ముందు కూర్చోండి. పండగలు, అమ్మగారి రాక, మీ ఐపీఎల్ రాత్రులు కూడా అందులోనే రాయండి. మ్యాచ్ లేని వారాల్లో ఒక సాయంత్రం మీ ఇద్దరికే ఉంచుకోండి. అమ్మగారి నొప్పిని మీరు కోడలి దగ్గరికి మోయకండి. కోడలే అత్తగారికి ఫోన్ చేసి "ఆ రోజు మిమ్మల్ని ఒంటరిగా వదిలేశాను" అని చెబితే, మీరు నెలరోజులు చెప్పినా తెగనిది తెగుతుంది. ఆవిడ చెప్పనంటే బలవంతపెట్టకండి, మీ క్షమాపణ పూర్తయిన తర్వాత అడిగి చూడండి.

అప్పులు లేవన్నారు, మంచిది. అయినా ఒకటి అడుగుతాను, ఆట పేరుతో ఫోన్లో బెట్టింగ్ ఏమైనా ఉందా? మీకైనా, ఆవిడకైనా. ఆస్ట్రేలియాలో ఆ ప్రకటనలు మనిషిని వదలవు. ఉంటే మాత్రం నేను పైన చెప్పినవేవీ పనికిరావు. విక్టోరియాలో గ్యాంబ్లర్స్ హెల్ప్ నంబర్ 1800 858 858, ముందు అక్కడికి ఫోన్ చేయండి.

ఇక మీ సంగతి. ఆ బుల్‌డాగ్స్ క్లబ్బు ఫౌండేషనే పడమటి పేటల్లో మగవాళ్ల కోసం సన్స్ ఆఫ్ ది వెస్ట్ అని ఉచితంగా ఆరోగ్య కార్యక్రమం నడుపుతుంది. కాస్త వ్యాయామం, తిండి గురించి, మనసు గురించి మాటలు, వారానికోసారి కొత్త మనుషులు. ఫుటీ తెలియకపోయినా ఫర్వాలేదు. ఇంట్లోంచి పనిచేసే మీలాంటివాళ్లకి నేను మొదట చెప్పేది ఇలాంటిదే. చేరే ముందు ఆవిడకి చెప్పండి. కాసేపు నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఫారం మాత్రం మీరే నింపండి.