పాలిస్తూ రెండో బిడ్డకు ప్రయత్నం

ప్రశ్న: మా పాపకు 20 నెలలు. పగలు రెండుసార్లు, రాత్రి మూడుసార్లు పాలు తాగుతుంది. నెలసరి మొదలై 4 నెలలైంది. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం, గర్భం రావడం లేదు. పాలు మాన్పించేయాలా?

జవాబు: పూర్తిగా అక్కర్లేదమ్మా. బిడ్డ పాలు తాగినప్పుడల్లా ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ పెరుగుతుంది. అండం విడుదలకు కావాల్సిన హార్మోన్లను అది అణచిపెడుతుంది. రాత్రి పాలతో ఈ ప్రభావం ఎక్కువ. అందుకే ముందు రాత్రివే తగ్గించండి, మూడు నాలుగు రోజులకొకటి చొప్పున. ఒక్కసారిగా ఆపితే పాలు గడ్డకట్టి నొప్పి, జ్వరం రావచ్చు.

నెలసరి వచ్చినంత మాత్రాన అండం విడుదలైనట్టు కాదు. విడుదలైనా, మొదట్లో తర్వాతి నెలసరి 10 రోజుల్లోపే వచ్చేయవచ్చు. పిండం గర్భాశయంలో కుదురుకునే వ్యవధి చాలదు. సాధారణంగా కొన్ని నెలల్లో ఇది సర్దుకుంటుంది.

యోని స్రావం గుడ్డు తెల్లసొనలా జారుతూ సాగే రోజులు అనువైనవి. ఆ రోజుల్లో రోజు విడిచి రోజైనా కలవండి. ఓవ్యులేషన్ కిట్‌లో (అండం విడుదలను ముందే చెప్పే మూత్ర పరీక్ష) పరీక్ష గీత పక్క గీతంత ముదురుగా వస్తే సాధారణంగా 24–36 గంటల్లో అండం విడుదలవుతుంది. కానీ ఆ గీత కోసమే కాచుక్కూర్చుంటే అంతకు ముందే వచ్చే మంచి రోజులు పోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే.

రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఏడాదైనా, వయసు 35 దాటితే 6 నెలలైనా ఫలితం లేకుంటే గైనకాలజిస్టును కలవండి.