గ్రాఫైట్ క్రూసిబుల్ అంచు కాలిపోతుంటే జిర్కోనియా పూత ఎందుకు ఆపదు?

అన్నా, అనంతపురంలో మీ ఇత్తడి పోత షెడ్డులో గ్రాఫైట్ క్రూసిబుల్ (లోహం కరిగించే మూస) బయట పలచబడుతోందని, జిర్కోనియా (వేడికి తట్టుకునే పింగాణీ లాంటి పదార్థం) పూత వేసినా పెచ్చులూడుతోందని రాశారు. మీరు వేసిన తీరులో తప్పు లేదు, ఆ పదార్థమే ఈ పనికి సరిపడదు.

గ్రాఫైట్ గాలిలో దాదాపు 500 డిగ్రీల నుంచే కాలడం మొదలవుతుంది. జిర్కోనియా వేడిని బాగా ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను ఆపదు. పైగా వేడికి గ్రాఫైట్ కన్నా బాగా ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకే ఆ పగుళ్లు. పెచ్చు లేచిన చోట వేలితో రుద్ది చూడండి, నల్లటి పొడి అంటుకుంటే గాలి దూరింది అక్కడే.

మీకు కావలసింది వేడికి మెత్తబడి గాజులా పరుచుకునే పూత. సానరాళ్లలో వాడే సిలికాన్ కార్బైడ్ సన్నటి పొడిని, వేడికి గాజులా మారే సోడియం సిలికేట్ ద్రావణంలో కలిపి, బయటివైపు మాత్రమే, రెండు పలుచని పూతలు వేయండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. స్పేస్ షటిల్ రెక్కల అంచుల్లోని కార్బన్‌కు (గ్రాఫైట్ కూడా కార్బనే) కూడా సిలికాన్ కార్బైడ్ పొరే వేసి, దాని పగుళ్లను సోడియం సిలికేట్‌తో పూడ్చారు.

ఆరబెట్టడంలో మాత్రం తొందరపడొద్దు. మన సీమ ఎండకు పై పొర గట్టిపడి లోపల తేమ ఉండిపోతుంది, మంట తగలగానే బుడగలు లేస్తాయి. నీడలో ఆరాక కొలిమి పక్కన నిదానంగా వెచ్చబెట్టండి. ఇప్పటికే బాగా పలచబడినదానికి పూత వేయకండి, పక్కన పెట్టేయండి. కరిగిన ఇత్తడితో అది పగిలితే ప్రాణాల మీదికి వస్తుంది.