సెరామిక్ తుంటి కీలు పగులుతుందా, ఎన్నేళ్లు వస్తుంది?

ఏవీఎన్ (రక్తం అందక తుంటి ఎముక తల చచ్చిపోయే జబ్బు) వల్ల నలభై రెండేళ్లకే తుంటి మార్చాలన్నారు, సెరామిక్ వేస్తామంటున్నారు, అది గాజులా పగిలిపోతుందని ఎవరో భయపెట్టారు, నిజమేనా, ఎన్నేళ్లు వస్తుంది అని కదండీ మీరు అడిగింది. నాకూ ఏవీఎనే, దాదాపు మీ వయసులోనే చేయించుకున్నాను. బంతీ సెరామిక్కే, తుంటి గుంటలో బిగించే కప్పులో లోపలి పొరలా కూర్చునే లైనరూ సెరామిక్కే. పదేళ్లు దాటి చాలాకాలమైంది, ఇప్పటికీ నొప్పి లేకుండా నడుస్తున్నాను.

ముందు పగలడం సంగతి. ఆపరేషన్‌కి ముందు నాకూ దాని గురించే టెన్షన్. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, ఫ్రాన్స్‌లో పియెర్ బూటాన్ అనే సర్జన్ 1970లో మొదలుపెట్టిన తొలితరం అల్యూమినా (ఒక రకం సెరామిక్) కీళ్లలో పగిలినవి ఉన్నాయి, 2001లో తయారీ లోపం వల్ల ఒక రకం జిర్కోనియా (ఇంకో సెరామిక్) బంతుల్ని వెనక్కి కూడా తీసుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా వేసేది అల్యూమినాలో కొంచెం జిర్కోనియా కలిపిన రకం, చూడ్డానికి లేత గులాబీ రంగులో ఉంటుంది, సన్నటి బీట పుట్టినా అది ముందుకు పాకకుండా ఆ జిర్కోనియా రేణువులు అడ్డుపడతాయి. బ్రిటన్ జాయింట్ రిజిస్ట్రీ (అక్కడ వేసిన కీళ్ల రికార్డు) లెక్కల్లో ఈ రకం బంతి పగలడం సుమారు పదివేలలో ఒకటి. లైనర్ పగలడం అంతకంటే ఎక్కువ, వెయ్యిలో ఒకటి దాకా ఉంది. లైనర్ కప్పులో కొంచెం వంకరగా కూర్చున్నా అంచు దగ్గర చిట్లే అవకాశం ఉంటుంది, కాబట్టి సర్జన్ చేతి అలవాటు చాలా ముఖ్యం.

ఇక అరుగుదల. పాత ప్లాస్టిక్ లైనర్లు అరిగి సన్నటి పొడి రాలేది, శరీరం ఆ పొడితో పోరాడుతూ చుట్టూ ఉన్న ఎముకనే తినేసేది, కీలు వదులయ్యేది. సెరామిక్ మీద సెరామిక్ అయితే ఆ అరుగుదల దాదాపు లేనట్టే. అయితే 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్ చేసిన (లోపలి అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచిన) ప్లాస్టిక్ కూడా చాలా తక్కువ అరుగుతోంది, అందుకే ఇవాళ చాలామంది సర్జన్లు సెరామిక్ బంతి, ఈ ప్లాస్టిక్ లైనర్ వేస్తున్నారు. మీకు అది చెప్తే తక్కువ రకం అంటగడుతున్నారని అనుకోకండి, నేనైతే నిశ్చింతగా ఒప్పుకుంటాను.

సెరామిక్ జతకి ఉన్న ఇంకో చిక్కు చప్పుడు. నాకు మొదటి రెండేళ్లలో అప్పుడప్పుడు కిందికి వంగి లేచేటప్పుడు తలుపు బందు కిర్రుమన్నట్టు వినిపించేది, నొప్పి మాత్రం లేదు. ఎక్స్‌రే తీసి కప్పు కోణం బాగానే ఉంది, వదిలెయ్యమన్నారు, తర్వాత అదే తగ్గిపోయింది. అందరికీ తగ్గదు. కప్పు కోణం తేడాగా ఉండి బంతి లైనర్ అంచు మీద నొక్కుకుంటుంటే చప్పుడు ఆగదు, అలాంటిది తప్పకుండా చూపించుకోవాలి.

ఎన్నేళ్లు అంటే, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరిశీలన ప్రకారం పాతికేళ్ల తర్వాత కూడా దాదాపు 58 శాతం తుంటి కీళ్లు మార్చకుండా పనిచేస్తున్నాయి. పాతికేళ్ల కిందట వేసినవి కాబట్టి అందులో పాత రకాలే ఎక్కువ. అలాగని మనలాంటి తక్కువ వయసువాళ్లకి మళ్లీ ఆపరేషన్ అవసరం పడే అవకాశం పెద్దవాళ్లకంటే ఎక్కువే, ఆ మాటా మనసులో పెట్టుకోండి. పైగా ఇన్‌ఫెక్షన్, కీలు జారడం, స్టెమ్ (తొడ ఎముకలో దించే కాడ) చుట్టూ ఎముక విరగడం లాంటి వాటివల్ల కూడా రివిజన్, అంటే మళ్లీ ఆపరేషన్, చేస్తారు, ఏ జత వేసుకున్నా ఇవి మాత్రం పూర్తిగా తప్పవు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఇంప్లాంట్ స్టిక్కర్లు అతికించిన కాగితం అడిగి తీసుకోండి, బంతి సైజు, కంపెనీ, లాట్ నంబర్ అందులోనే ఉంటాయి. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా పడిపోయాక, లేదా ఏ కారణం లేకుండానే లోపల ఇసుక నలిగినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే తీయించుకోండి. ఒకవేళ సెరామిక్ పగిలిందని తేలితే, మళ్లీ వేసేటప్పుడు లోహపు బంతి వద్దని గట్టిగా చెప్పండి. ఎంత కడిగినా సెరామిక్ ముక్కల పొడి కొంత లోపలే ఉండిపోతుంది, అది లోహాన్ని గీరేసి రక్తంలోకి కోబాల్ట్ చేరిన కేసులున్నాయి. లోపలి పొరల్ని శుభ్రంగా తీసేసి మళ్లీ సెరామిక్ బంతే వేయాలి, పాత స్టెమ్ ఉంచితే దానిమీద లోపల లోహపు స్లీవ్ ఉన్న బంతి వాడతారు.