ఫైబర్ రాని ఇంటికి సిమ్ రౌటర్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది పాడేరు నుంచి లోపలికి వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు. ఫైబర్ కేబుల్ ఇప్పట్లో రాదని చెప్పేశారు. మా అమ్మాయి పోటీ పరీక్షకు ఆన్‌లైన్ తరగతులు వింటోంది. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ఇస్తున్నాను కాని, నేను బడికి వెళ్లగానే ఆమెకు నెట్ ఉండదు. సిమ్ వేసుకునే రౌటర్ కొంటే ఫోన్ కంటే వేగం వస్తుందా? ఖరీదైనది తీసుకుంటేనే మంచిదని దుకాణదారు అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: అమ్మా, దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక రోజు కొలతలు తీసుకోండి. బావిలో ఉంటే కదా చేదలోకి వచ్చేది. టవర్ నుంచి మీ ఇంటిదాకా రాని సిగ్నల్‌ను ఎంత ఖరీదైన రౌటరూ పుట్టించలేదు. ఫోన్ పైభాగాన కనిపించే గీతలను నమ్మవద్దు, ఎందుకంటే వాటిని ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ఫోన్ వివరాల కింద సిమ్ స్థితి అనే చోట సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. 4జీలో అది మైనస్ 85 ప్రాంతంలో ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 దగ్గర ఉంటే జాగ్రత్తగా అమర్చుకుంటే పని నడుస్తుందన్నట్టు, మైనస్ 115 దాటితే ఆశ పెట్టుకోవద్దన్నట్టు. ఇందులో 10 తేడా వస్తే అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది కాబట్టి, గది మధ్యలో మైనస్ 108 ఉన్నది కిటికీ దగ్గర మైనస్ 98 అయిందంటే అది చిన్న మార్పు కాదు. వంటగది, వసారా, డాబా మెట్లు, టవర్ వైపు కిటికీ, ఇలా ప్రతి చోటా రెండు మూడు నెట్‌వర్క్‌ల సిమ్‌లతో కొలిచి కాగితం మీద రాసుకోండి. వేగం పరీక్ష మాత్రం ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చేయండి. ఊరంతా వీడియోలు చూసే వేళకు టవర్ మీద భారం పెరుగుతుంది. ఆ వేళకు వచ్చే వేగమే మీకు నిజంగా దక్కే వేగం. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ దొరికే బండ ఏదో, చెట్టు ఏదో పిల్లలకు బాగా తెలుసు కనుక, ఈ పనిని మీ విద్యార్థులకు అప్పగించినా ఉత్సాహంగా చేస్తారు.

ఇక ఫోన్ కంటే వేగం వస్తుందా అన్న మీ అసలు ప్రశ్న. మంచి ఫోన్‌ను, మామూలు 4జీ రౌటర్‌ను పక్కపక్కన పెడితే ఫోనే ముందుండవచ్చు. రౌటర్ వల్ల కలిగే లాభం వేరు: దానిని సిగ్నల్ బాగున్న చోట కదలకుండా ఉంచవచ్చు, రోజంతా కరెంటు మీద నడుస్తుంది, వైఫై ఇల్లంతా అందుతుంది, మీరు బడికి వెళ్లినా నెట్ ఇంట్లోనే ఉంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండే 300 లేదా 1200 ఎంబీపీఎస్ అన్నది చాలాసార్లు వైఫై వేగమే తప్ప సిమ్ ద్వారా వచ్చే వేగం కాదు. సిమ్ వేగానికి చూడవలసింది క్యాటగిరీ, అంటే రౌటర్ ఎంత వేగం అందుకోగలదో చెప్పే తరగతి. క్యాటగిరీ 4 రౌటర్ గరిష్ఠ పరిమితి దిగుమతికి (డౌన్‌లోడ్) 150, ఎగుమతికి (అప్‌లోడ్) 50 ఎంబీపీఎస్. క్యాటగిరీ 6 రౌటర్ రెండు బ్యాండ్లను, అంటే సిగ్నల్ నడిచే రెండు తరంగాల పట్టీలను, కలిపి దిగుమతిని 300 దాకా అందుకోగలదు. మీ టవర్ మీద ఒకే బ్యాండ్ ఉంటే రెండో రకానికి పెట్టే అదనపు డబ్బు దండగ. మీ దుకాణదారు మాటతో నేను ఏకీభవించలేకపోతున్నది ఇక్కడే.

ధర కంటే ముందు బ్యాండ్ల జాబితా చూడండి. మన దేశంలో 4జీ ప్రధానంగా 1800, 2300, 2100, 900, 850 మెగాహెర్ట్జ్‌లలో, అంటే 3, 40, 1, 8, 5 నంబర్ల బ్యాండ్లలో నడుస్తోంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ మీద ఆధారపడదలిస్తే 700 మెగాహెర్ట్జ్‌కు చెందిన 28వ బ్యాండ్ కూడా ఉందో లేదో చూసుకోవాలి. తక్కువ మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళతాయి, గోడలు దాటుతాయి, కాని వాటికి కేటాయించిన వెడల్పు, అంటే డేటా నడిచే దారి, సాధారణంగా తక్కువ. 2300 వంటివి ఎక్కువ డేటా మోస్తాయి కాని కొండ అడ్డం వచ్చినా, కాంక్రీటు గోడ అడ్డం వచ్చినా నీరసిస్తాయి.

తెచ్చాక దానిని టవర్ వైపు కిటికీలో, వీలైనంత ఎత్తున పెట్టండి. ఇనుప బీరువా మీద పెట్టడం మన ఇళ్లలో అలవాటు. రౌటర్‌కు అంతకంటే చెడ్డ చోటు మరొకటి లేదు. రేకుల ఇల్లయితే రేకు కిందికంటే గోడ బయట చూరు కింద, వాన తగలని చోట మెరుగు. సిగ్నల్ మేడ మీదే ఉండి పిల్ల చదువుకునే గది కింద ఉంటే రౌటర్‌ను మేడ మీదే ఉంచి, ల్యాన్ వైరు కిందికి దించి మామూలు వైఫై పెట్టెకు కలపండి. బయటి యాంటెన్నా పెట్టి దాని వైరును 20 మీటర్లు లాగితే యాంటెన్నాతో సంపాదించిందంతా ఆ వైరే తినేస్తుంది. ల్యాన్ వైరుకు 100 మీటర్ల దాకా ఆ ఇబ్బంది లేదు. మరొక సంగతి చాలామంది గమనించరు. 40వ బ్యాండ్ 2300 నుంచి 2400 దాకా ఉంటుంది, వైఫై 2.4 గిగాహెర్ట్జ్ దాని గోడ పక్కనే మొదలవుతుంది. ఒకే పెట్టెలో రెండూ ఉన్నప్పుడు ఒకదాని గోల మరొకదానికి తగిలే అవకాశం ఉంది. వైఫై చానల్‌ను 1 నుంచి 11కు మార్చి చూడండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ అక్కడ తాను వాడిన సిమ్ రౌటర్ తెచ్చి ఇచ్చాడు. ఇక్కడి సిమ్ వేస్తే ఒక నెట్‌వర్క్‌ది అసలు పని చేయలేదు, మరొకటి పనిచేస్తోంది కాని సాయంత్రాలు నత్తనడక. ఫోన్‌లో అదే సిమ్ బాగానే ఉంది.
– ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

సమాధానం: రౌటర్ చెడిపోలేదండీ, దానికి మన బ్యాండ్లు తెలియవు. అమెరికాలో 2, 4, 12, 13, 66 నంబర్ల బ్యాండ్లు విరివిగా వాడతారు. మన దగ్గర డేటా భారం మోసే 3, 40 బ్యాండ్లు అక్కడి కోసం చేసిన చాలా పెట్టెల్లో ఉండవు. రెండు దేశాలకూ ఉమ్మడిగా ఉన్నవాటిలో 850 మెగాహెర్ట్జ్‌ది, అంటే 5వ బ్యాండ్ ఒకటి. మీ రెండో సిమ్ బహుశా దానికే తగులుకొని ఉంటుంది. 5 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్న 4జీ పాయకు కాగితం మీద గరిష్ఠం సుమారు 37 ఎంబీపీఎస్. దానిని టవర్ కింది వారందరూ పంచుకోవాలి. మీ ఫోన్ 3కో 40కో మారిపోతుంది, రౌటర్ మారలేదు.

మొదటి సిమ్ విషయంలో మాత్రం రెండు చిన్న పరీక్షలు చేయండి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రౌటర్ పేజీ తెరవండి. సిమ్ చెల్లదు అని గాని, అన్‌లాక్ కోడ్ కావాలని గాని చూపిస్తే అది అక్కడి కంపెనీకి తాళం వేసిన పెట్టె. అలా కాక సిగ్నల్ చూపిస్తూ నెట్ రాకపోతే ఏపీఎన్, అంటే కంపెనీ నెట్‌కు కలిపే ప్రవేశ ద్వారం పేరు, సరిచేయాలి. జియోకు జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, రెండూ ఆంగ్లంలో చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ తర్వాత చుక్క పెట్టి కామ్ అని ఉండాలి. ఇవేవీ ఫలించకపోతే ఆ పెట్టెను కేవలం వైఫై పంచే సాధనంగా వాడుకొని, ఇక్కడి బ్యాండ్లు ఉన్నది మరొకటి తీసుకోండి, అబ్బాయి నొచ్చుకోడు.

ప్రశ్న: నూజివీడు దగ్గర మామిడి తోటలో సిమ్ రౌటర్ పెట్టి రెండు కెమెరాలు అమర్చాను. తోటలో ఉన్నప్పుడు ఫోన్‌లో కనిపిస్తాయి, హైదరాబాద్ వస్తే కనిపించవు. బయటి నుంచి కెమెరాకు దారి ఇచ్చేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా ఫలితం లేదు.
– ఒక రైతు

సమాధానం: రౌటర్ పేజీలో మీకు కేటాయించిన ఐపీ చిరునామా చూడండి. అది 10తో గాని, 100.64 నుంచి 100.127 మధ్య గాని మొదలైతే అది బయటి ప్రపంచానికి తెలిసిన చిరునామా కాదు. మొబైల్ కంపెనీల దగ్గర ఐపీవీ4 (పాత పద్ధతి ఐపీ) చిరునామాలు చాలవు కనుక వేలమంది చందాదారులను ఒకే చిరునామా వెనక ఉంచుతారు. పెద్ద అపార్ట్‌మెంటుకు వీధి వైపు ఒకే గేటు ఉన్నట్టు. లోపలి నుంచి ఎవరైనా బయటికి వెళ్లవచ్చు, బయటి నుంచి వచ్చినవారికి మీ తలుపు ఏదో గేటు దగ్గర చెప్పేవారు ఉండరు. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా అది మీ తలుపు తీయడమే తప్ప ఆ గేటు తీయడం కాదు. కాబట్టి కెమెరాయే లోపలి నుంచి బయటి సర్వర్‌కు కలిసే పద్ధతి కావాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్‌లో చేర్చుకునే కెమెరాలు అలాగే పనిచేస్తాయి. కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) పాతదైనా, సెట్టింగ్స్‌లో ఇలా లోపలి నుంచి కలిసే పీ2పీ అన్నది ఉంటే దానిని ఆన్ చేయండి.

అయితే డేటా లెక్క కూడా వేసుకోండి. ఒక కెమెరా నిరంతరం 1 ఎంబీపీఎస్ పంపితే రోజుకు 10.8 జీబీ అవుతుంది. రికార్డింగ్ మెమరీ కార్డులోనే ఉంచి, కదలిక వచ్చినప్పుడు మాత్రమే ఫోన్‌కు సమాచారం పంపేలా పెట్టుకోవాలి.

ప్రశ్న: రోజుకు 2 జీబీ ప్లాన్ సిమ్‌ను రౌటర్‌లో వేశాం. ఉదయం 10 గంటలకే అయిపోతోంది. పైగా ఆ నంబరే బ్యాంకులో ఇచ్చాను.
– ఒక గృహిణి, సిద్దిపేట

సమాధానం: హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది కనుక 2 జీబీ ఒక సినిమాకు కూడా చాలదు; ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు దిగుతుంది, అంటే వాట్సాప్ సందేశం తప్ప మరేదీ కదలదు. టీవీలో నాణ్యతను 480కి తగ్గించండి. కంప్యూటర్ ఉంటే వైఫై సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్ (డేటాకు పరిమితి ఉన్న కనెక్షన్) అని పెట్టండి, లేకపోతే విండోస్ అప్‌డేట్లే మీ కోటాను మింగేస్తాయి. ఇంటి రౌటర్‌కు రోజువారీ కోటా కంటే నెలకు మొత్తంగా ఇచ్చే డేటా ప్లాన్ నయం.

బ్యాంకు నంబర్ సిమ్‌ను ఈ రోజే తీసి ఫోన్‌లో వేసుకోండి. ఓటీపీ రౌటర్ పేజీలోని ఎస్‌ఎంఎస్ పెట్టెలో పడుతుంది. వైఫైకి కలిసిన ఎవరైనా పాస్‌వర్డ్ మార్చని రౌటర్ పేజీ తెరిచి దానిని చదవగలరు. రౌటర్‌కు వేరే సిమ్ తీసుకోండి. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లు ఉండవచ్చు. మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూడవచ్చు.

ప్రశ్న: కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతోంది. ఇన్వర్టర్ కొనాలా?
– ఒక విద్యార్థి, వనపర్తి

సమాధానం: అక్కర్లేదు. అడాప్టర్ మీద రాసినది చూడండి. చాలా రౌటర్లకు 12 వోల్టులు, 1 ఆంపియర్, అంటే 12 వాట్లు చాలు. రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్‌లు ఉన్నాయి. వోల్టులు కచ్చితంగా సరిపోవాలి, ఆంపియర్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. కొనే ముందు ఒకటి గమనించండి: కోత రెండు మూడు గంటలు సాగినప్పుడు మీ ఫోన్‌లో నెట్ నిలుస్తోందా? టవర్ బ్యాటరీలే ఖాళీ అవుతున్న ఊరైతే రౌటర్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం రాదు.